ద్వీపబాలుర గురువు జాన్ రిచర్డ్సన్

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి మనుజుడు ఆచరింపవలసిన ధర్మములను ఒక్కొక్కటిగా పేర్కొనుచు, ప్రతి ధర్మముతోడను స్వాధ్యాయ ప్రవచనములను జోడించినది. సత్యముతోపాటు చదువుట, చదివించుట. తపస్సుతోపాటు చదువుట, చదివించుట. అతిథిసేవతోపాటు మరల అవియే. ఈ రెండింటిని ఋషులు విడదీయక జంటగా చెప్పుటలో గొప్ప మర్మము కలదు. చదివించుచు తాను చదువుట మానినవాడు ఊట యెండిన బావివంటివాడు. చేద వేసినవారికి కొంతకాలము పాత నీరు దొరకును. పిదప బురద మాత్రమే వచ్చును.

బడిలో క్రొత్తగా అడుగిడిన ఉపాధ్యాయునకు ఈ మర్మము మరింత అవసరము. పసిపిల్లలు ఎదుట కూర్చున్న మొదటి దినముననే తనకు తెలియనిది ఎంత యున్నదో వానికి తెలిసివచ్చును. వారి యింటి మాట తెలియదు. వారి భయములు తెలియవు. వారికి దేనియందు సంతోషమో తెలియదు. తెలియని దంతయు ఒక్క దినమున నేర్చుకొనుట మానవసాధ్యము కాదు. కావున ఏ ప్రశ్నను ముందు చేపట్టవలెను, దాని వెంట ఎంతదూరము నడువవలెను అని తానే నిర్ణయించుకొనుట ఉపాధ్యాయుని తొలి సాధనము. అట్టి సాధనచేసి, ఒక జాతికంతకును విద్యాగురువైన మహనీయుని చరిత్రము ఇచ్చట సంగ్రహముగా చెప్పబడుచున్నది. ఆయన క్రైస్తవ మతస్థుడు. జన్మస్థానము మన దేశపటమున దక్షిణాగ్రమున చుక్కలవలె కనబడు నికోబారు దీవులు. విద్యాదానమను యజ్ఞమునకు మతములును సముద్రములును ఎల్లలు కావు గనుక ఆ కథ మనకును పఠనీయమే.

దీవులు, దీవివారు

బంగాళాఖాతమున అండమాను దీవులకు దక్షిణముగా, పది డిగ్రీల జలసంధికి ఆవల నికోబారు దీవులు కలవు. పదునొకండవ శతాబ్దమునాటి తంజావూరు చోళశాసనమున నక్కవారమను పేరుతో ఇవి పేర్కొనబడినవి. వీటిలో ఉత్తరపు కొసనున్న కార్ నికోబార్ సుమారు 127 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల సమతలమైన ద్వీపము. పోర్ట్ బ్లెయిర్‌నుండి దానికి దాదాపు 270 కిలోమీటర్ల సముద్రప్రయాణము. ఒడ్డు పొడవున కొబ్బరితోపులు. తోపుల నడుమ పూర్వము స్తంభములపై నిలిపిన తేనెపట్టువంటి గుండ్రని యిండ్లు ఉండెడివి. నిచ్చెన యెక్కి లోనికి పోవలసియుండెడిది. భూమియు, తోటయు, పందుల మందయు ఒక్కరి సొత్తు కాదు. తుహెత్ అని పిలువబడు ఉమ్మడి కుటుంబమునకు అవి చెందును. వృద్ధుల మాటకు గౌరవము, పసివారియెడ అపారమైన గారాబము ఆ సంఘమునకు సహజములు.

ఈ దీవులకు వెలుపలి గురువులు వచ్చుట క్రొత్త కాదు. డెన్మార్కు దేశస్థులు 1756లో ఈ దీవులను తమవిగా ప్రకటించుకొనిరి. 1768లో మొరేవియను సంఘమునకు చెందిన క్రైస్తవ బోధకులు నాన్‌కౌరీ దీవిలో స్థిరపడిరి. జ్వరములకు వారిలో అనేకులు బలియైరి. దాదాపు ఇరువది యేండ్లు శ్రమపడియు ఫలము గానక 1787లో మిగిలినవారు దీవి విడిచిపోయిరి. వారి త్యాగము తక్కువది కాదు. కాని త్యాగ మొక్కటియే గురువును చేయజాలదు. ఎదుటివాని భాషలోనికి, బ్రతుకులోనికి ప్రవేశించు త్రోవ వారికి దొరకలేదు.

1869లో ఆంగ్లేయులు ఈ దీవులను స్వాధీనపరచుకొని, నాన్‌కౌరీ రేవున ఖైదీల స్థావరమును 1888 వరకు నడపిరి. ఆ కాలమున ఇరువురు అధికారులు నికోబారు భాషను శ్రద్ధతో నేర్చిరి. డేనిష్ వంశీయుడైన ద రోప్‌స్టర్ఫ్ ఒకడు. ఆయన 1883లో కామోర్తాలో ఒక సిపాయి తుపాకికి బలికాగా, ఆయన కూర్చిన నిఘంటువును మరుసటి యేట భార్య అచ్చు వేయించెను. ఎడ్వర్డ్ హోరేస్ మాన్ రెండవవాడు. ఆయన నిఘంటువు 1889లో వెలువడెను. అయితే ఈ రెండు గ్రంథములును నడిమి దీవుల భాషకు చెందినవి. కార్ నికోబార్ ప్రజల మాట వేరు. అచ్చటి బాలుని ఒడిలో పెట్టదగిన పుస్తకము ఒక్కటియు అప్పటికి లేదు.

సాలమన్ బడి

పందొమ్మిదవ శతాబ్దము చివర మద్రాసునుండి వచ్చిన సాలమన్ అను తమిళ క్రైస్తవుడు కార్ నికోబార్ ఉత్తరతీరమందలి ముస్ గ్రామమున బడి పెట్టెను. ఆయన ప్రభుత్వ ప్రతినిధి, బోధకుడు, రోగులకు మందులిచ్చువాడు, బడిపంతులు. ఇన్ని పనులు ఒక్కనిపై బడినను దినచర్యను వ్రాయుట మానలేదు. దీవిలోని పండుగలు, తగవులు, చావులు, భూతభయముతో జరిగిన హత్యలు, వచ్చిపోవు ఓడలు అన్నియు అందులో చేరెను. 1901 జనాభా లెక్కల నివేదికను రచించిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ దినచర్యను విశేషముగా వినియోగించుకొనెను. ఉపాధ్యాయుడు తాను చూచినదానిని చూచినట్లు వ్రాసి యుంచుకొన్నచో అది ఎంతటివారికైన ఆధారమగునని దీనివలన తెలియుచున్నది.

ఆ బడికి వచ్చిన ముస్ గ్రామబాలురలో హా చెవ్ కా అనువా డొకడు. సాలమన్ వాని తెలివిని, నిలకడను కనిపెట్టెను. పై చదువుకై ఆ బాలుడు సముద్రము దాటి బర్మాదేశమున మాండలే నగరమునకు పంపబడెను. అచ్చటి ఆంగ్లికన్ మిషన్ పాఠశాలలో కొన్ని సంవత్సరములు చదివెను. జాన్ రిచర్డ్సన్ అను పేరు క్రైస్తవ మతమున వానికి లభించినది. గుండ్రని యింటినుండి రాజప్రాసాదముల నగరమునకు, కొబ్బరికాయయే నాణెమైన సంతనుండి రూపాయలు గలగలలాడు బజారునకు ఆ బాలుడు చేరెను. అట్టి మార్పు పొందిన యువకులు అనేకులు మరల పుట్టినూరి ముఖము చూడరు. చదువు వారికి వెలుపలికి పోవు ద్వారమేగాని లోనికి వచ్చు ద్వారము కాదు.

1909లో సాలమన్ మరణించెను. బడికి గురువు లేకపోయెను. 1912లో రిచర్డ్సన్ ముస్ గ్రామమునకు ఉపాధ్యాయుడై తిరిగివచ్చెను.

క్రొత్త ఉపాధ్యాయుని ప్రశ్నలు

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగి ఆ యువకుని స్థితిని మనసున నిలుపుకొనవలెను. ఆయన పరాయివాడు కాడు; కాని పూర్తిగా తమవాడును కాడు. తోటివారు పడవ చెక్కుట, చేపను బల్లెముతో పొడుచుట, పందులను పెంచుట నేర్చుకొన్న సంవత్సరములను ఆయన ఇంగ్లీషు వ్యాకరణముతో గడపెను. గ్రామవృద్ధులు చదువును అడుగలేదు. వారికి అది లేని లోటు తెలియదు. తలిదండ్రులు బిడ్డను గట్టిగా కోప్పడని సంఘమున బాలుని బెత్తముతో బడిలో కూర్చుండబెట్టుట అసంభవము. వాడు లేచి సముద్రమునకు పోయినచో ఆపువా డెవడు?

ఇట్టి చోట ఉపాధ్యాయునకు రెండు మార్గములు కలవు. తాను చదివిన పుస్తకములను తాను చదివిన రీతినే అప్పగించి, రానివారిని మందబుద్ధులని తీర్మానించుట మొదటిది. అది సులభము. తన బోధనము ఎందుకు చెల్లుటలేదో తన్ను తానే ప్రశ్నించుకొని, ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా చేపట్టుట రెండవది. రిచర్డ్సన్ జీవితకార్యమును ఆద్యంతము పరిశీలించినవారికి ఆయన రెండవ మార్గమును పట్టినట్లు స్పష్టమగును. ఆ కార్యమున నాలుగు ప్రశ్నలు ఒకదానివెంట నొకటి కనబడుచున్నవి. ఈ బిడ్డలు ఏ భాషలో ఆలోచించుచున్నారు? వారికి ముందే తెలిసిన దేమి? వారు దేనియందు మనసారా పాల్గొందురు? ఈ చదువు వారిని తమవారికి దగ్గర చేయునా, దూరము చేయునా?

మొదటి ప్రశ్న: భాష

కార్ నికోబార్ భాషకు లిపి లేదు. అందు అచ్చులకు అనేక భేదములు కలవు. ఇంగ్లీషు అక్షరములలో వాటిని ఉన్నవున్నట్లు వ్రాయుట కష్టము. పైగా నికోబారు ప్రజలలో ఒక విచిత్రమైన ఆచారమును రోప్‌స్టర్ఫ్ గమనించి వ్రాసెను. మరణించినవారి పేరును బంధువులు ఉచ్చరింపరాదు. ఆ పేరు ఏ వస్తువునకో కూడ చెల్లుచున్నచో ఆ వస్తువునకు క్రొత్త మాట కల్పింపబడును. ఇట్లు మాటలు మారిపోవుచుండు జనములో పాఠ్యపుస్తకము వ్రాయువాడు ఇంటింట చెవియొగ్గి వినక తప్పదు.

ఆ కాలమున ద్వీపమున పనిచేసిన జార్జి వైట్‌హెడ్ అను మతాచార్యుడు కార్ నికోబార్ భాషను నేర్చి, 1924లో ఆ దీవులను గూర్చి ఒక గ్రంథమును, 1925లో కార్ నికోబార్ భాషా నిఘంటువును ప్రకటించెను. రిచర్డ్సన్ రోమను అక్షరములలో తన మాతృభాషను వ్రాయుట, వ్రాయించుట జీవితవ్రతముగా చేపట్టెను. ప్రార్థనలు, కీర్తనలు, పిదప బైబిలు గ్రంథములు ఆయన కృషివలన ఆ భాషలోనికి వచ్చెను. సంపూర్ణమైన బైబిలు కార్ నికోబార్ భాషలో వెలువడుటను ఆయన తన జీవితకాలముననే చూడగలిగెను. మతదృష్టిని ప్రక్కకుంచి చూచినను ఇది మహత్తరమైన కార్యము. నోటిమాటగా మాత్రమే బ్రతికిన ఒక భాష చదువదగిన భాషగా మారెను. తాను పలుకు మాటయే కాగితముపై కనబడగా బాలునికి కలుగు ఆనందము ఇంతంత కాదు. చదువనగా పరుల మాటను వల్లించుట కాదని వానికి అప్పుడు తెలియును.

తెలుగువారికి ఈ సందర్భమున ఒక పుణ్యశ్లోకుడు తప్పక స్మరణకు వచ్చును. గిడుగు వేంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడుగా చేరెను. చుట్టుకొండలలోని సవరలు చదువునకు ఎట్టి దారియు లేక యుండుట చూచి, వారికి చదువు చెప్పవలెనన్న ముందు తాను వారి భాష నేర్చుకొనవలెనని నిశ్చయించుకొనెను. సవరను ఇంట నుంచుకొని భాష నేర్చెను, పుస్తకములు వ్రాసెను, బడులు పెట్టించెను. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెదకుటలో అర్ధశతాబ్దము గడచినది. ఇందొక చిత్రము కలదు. భాషాశాస్త్రజ్ఞులు సవర భాషను, నికోబారు భాషలను ఆస్ట్రో ఏషియాటిక్ అను ఒకే మహాకుటుంబమునకు చెందినవిగా నిర్ణయించిరి. మహేంద్రగిరి ప్రాంతపు అడవిలో ఒక గురువు, నడిసముద్రపు దీవిలో మరియొక గురువు, ఒకరి నొకరు చూడకయే, దూరపు జ్ఞాతులైన రెండు భాషలకు అక్షరభిక్ష పెట్టిరి.

రెండవ ప్రశ్న: బిడ్డకు ముందే తెలిసినది

పలకపై అంకెలు దిద్దించుటకు పూర్వమే నికోబారు బాలునికి లెక్క తెలియును. కొబ్బరికాయలను వారు జంటలుగా, ఇరువదులుగా లెక్కింతురు. మనకు పది యెట్లో వారికి ఇరువది అట్లు. బర్మానుండియు, మలబారునుండియు, గుజరాతు తీరమునుండియు ఓడలపై వచ్చు వర్తకులతో కాయలకు బదులు వస్త్రము, కత్తి, బియ్యము మార్చుకొనెడివారు. ఇచ్చిపుచ్చుకొన్న దానికి వెదురుబద్దపై గాట్లు పెట్టి గుర్తుంచుకొనెడివారు. బాకీ తీరుటకు ఎన్ని వేల కాయలు కావలెనో వృద్ధుడు నోటితో చెప్పెడివాడు.

ఇట్టి బిడ్డకు గణితము రాదనుట గురువు అజ్ఞానము. కాని వర్తకుని ఖాతాపుస్తకములోని అంకెలు వేరు, వెదురుబద్దపై గాట్లు వేరు. మొదటిది చదువలేనివాడు రెండవదానితో ఎంత నిజాయితీగా లెక్కించినను మోసపోవచ్చును. ఇరువదుల లెక్కనుండి పదుల లెక్కకు వంతెన కట్టుట ఆ దీవిలో కేవలము పాఠశాలా విషయము కాదు. కుటుంబముల కూటికి సంబంధించిన విషయము. వంతెన ఈవలి గట్టుననే మొదలుకావలెను. బిడ్డ నిలుచున్న గట్టు అదియే గదా.

మూడవ ప్రశ్న: బిడ్డ మనసు పోవు దారి

కార్ నికోబార్ బాలుడు నడక నేర్చిన నాటినుండి సముద్రమున ఆడును. పడవపందెములు పెద్దల పండుగ. పాట, బారులు తీరిన నృత్యము రాత్రంతయు సాగును. అట్టివానిని పగలంతయు ఒకచోట కూర్చుండబెట్టుట అలను కుండలో బంధించుట వంటిది. రిచర్డ్సన్ ఆటలను బడికి ఆవరణగా చేసెను. ఫుట్‌బాల్ ఆటను ద్వీపమునకు తెచ్చినవాడు ఆయనయేయని అచ్చటివారు నేటికిని గౌరవముతో చెప్పుకొందురు. ఆ ఆట ఆ దీవియందు ఎంతగా పాతుకొన్నదనగా గ్రామమునకు గ్రామమునకు పోటీలు జరుగును. కాళ్లకు తొడుగులు లేకయే బాలురు ఆడుదురు.

ఆట చిన్న విషయమని తోచవచ్చును. నియమమునకు తానై లోబడుట, ఓటమిని సహించుట, తోటివానికి బంతి నందించుట అను గుణములను బెత్తము నేర్పజాలదు. బిడ్డ తన కిష్టమైన పనిలో మునిగియున్నప్పుడే వాని నిజస్వభావము గురువునకు కనబడును. భావనగరున గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తిని విడిచి 1920లో బాలమందిరము నెలకొల్పినప్పుడు ఆయన చేపట్టిన ప్రశ్నయు ఇదియే. ఇటలీ దేశపు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు ముందుగా నేర్పినదియు బిడ్డను నిశ్శబ్దముగా గమనించుటయే.

నాలుగవ ప్రశ్న: చదువు ఎవరికొరకు

అన్నిటికంటె కఠినమైనది ఈ ప్రశ్న. బడికి వచ్చిన బాలుడు తండ్రిని అజ్ఞానియని చూచుట నేర్చినచో ఆ చదువు శాపమగును. రిచర్డ్సన్ కాలమున కార్ నికోబార్ ప్రజలు క్రమముగా క్రైస్తవ మతమును స్వీకరించిరి. దయ్యము పట్టినదను భయముతో మనుష్యులను చంపు ఆచారము రూపుమాసెను. పాత నమ్మకములతోపాటు పాత క్రతువులలో కొన్ని వెనుకబడినవనుటయు నిజమే. మార్పు వచ్చిన ప్రతి చోట కొంత పోవుట అనివార్యము. అయినను ఉమ్మడి కుటుంబమైన తుహెత్ చెడలేదు. భూమి పంపకములకు రాలేదు. పందుల పండుగయు, పడవపందెమును, గ్రామపెద్దల సభయు నిలిచినవి. ఆయన గురుపీఠముపై కూర్చుండి తనవారిని వెక్కిరించినవాడు కాడు. 1930 దశకమున మతాచార్యపదవి లభించిన పిదపను ముస్ గ్రామమును విడువలేదు. మాండలే నేర్పిన విద్యను ముస్ మట్టిలో నాటెను గాని ముస్ బాలురను పెరికి మాండలేకు తరలింపలేదు.

అగ్నిపరీక్ష

1942 మార్చిలో జపాను సేనలు పోర్ట్ బ్లెయిరును ఆక్రమించెను. కొద్ది నెలలలో కార్ నికోబార్ కూడ వారి వశమాయెను. విమానాశ్రయము నిర్మించుటకు దీవివారిచేత బలవంతముగా పని చేయించిరి. యుద్ధము తమకు ఎదురుతిరుగుకొలది వారికి అనుమానము హెచ్చెను. ఇంగ్లీషు తెలిసినవాడు గూఢచారియే యని వారి నిశ్చయము. 1945లో అనేకులు చిత్రహింసలకు గురియై ప్రాణములు కోల్పోయిరి. రిచర్డ్సన్ కుమారుడును హతులలో నొకడు. రిచర్డ్సన్ కూడ మరణదండనకు గుర్తింపబడెను. యుద్ధము ముగియుటచేత ఆ దండన అమలు జరుగలేదు. ఆ దారుణములకు బాధ్యులైన జపాను సైనికులపై 1946లో సింగపూరులో విచారణ జరిగెను.

తాను నేర్పిన చదువే తనవారికి మృత్యుకారణమైన యా దినములు ఆ గురువు హృదయమున ఎట్టి గాయము చేసియుండునో ఊహింపవచ్చును. బిడ్డలకు అక్షరము నేర్పుట మేలా కీడా అని ఎవరైనను సందేహింపదగిన ఘడియ అది. ఆయన చరిత్రమున ఇచ్చటనే గొప్పతనము ప్రకాశించుచున్నది. యుద్ధానంతరము ఆయన కార్యము ఆగలేదు. శిథిలమైన గ్రామములను కూడదీసికొని, చెదరిన జనమును దరిజేర్చుకొని, మరల బడిని, గుడిని నిలబెట్టెను. పుత్రశోకమును పగగా మార్చుకొనక సేవగా మార్చుకొనుట ఎల్ల మతముల సాధకులకును పరమలక్ష్యమే.

పెద్దల సభలో

1950లో ఆయన కలకత్తాలో ఆంగ్లికన్ సంఘమునకు సహాయ బిషప్పుగా అభిషిక్తుడాయెను. 1952లో స్వతంత్ర భారతదేశపు తొలి లోక్‌సభ ఏర్పడినప్పుడు అండమాను నికోబారు దీవులకు ఎన్నిక లేదు. రాష్ట్రపతియే సభ్యుని నియమింపవలెను. ఆ స్థానమునకు రిచర్డ్సన్ నియమింపబడి 1957 వరకు సభ్యుడుగా నుండెను. ఆ దీవులవారు మొదటిసారి తామే ఓటు వేసి సభ్యుని ఎన్నుకొన్నది 1967లో. ఆయన సభ్యుడుగా నున్న కాలముననే, 1956లో, ఆదిమజాతుల రక్షణకై ఒక ప్రత్యేక శాసనము అండమాను నికోబారు దీవులకు ఏర్పడినది. అనుమతి లేక వెలుపలివారు గిరిజన ప్రాంతములలో ప్రవేశించుట, భూమి సంపాదించుట దానిచే నిషేధింపబడెను.

1966లో అండమాను నికోబారు ప్రత్యేక మతమండలము ఏర్పడగా దానికి బిషప్పు ఆయెను. ప్రభుత్వము 1965లో పద్మశ్రీ బిరుదముతోను, 1975లో పద్మభూషణ్ బిరుదముతోను సత్కరించెను. 1978లో పండువయసున ఆయన దేహము చాలించెను. కార్ నికోబార్‌లోని ప్రభుత్వ వైద్యశాల ఆయన పేరుతో పిలువబడుచున్నది.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూకంపమువలన పుట్టిన సునామీ కార్ నికోబార్ తీరమును ముంచివేసెను. ఒడ్డునున్న పల్లెలు కొట్టుకొనిపోయెను. వేలకొలది కొబ్బరిచెట్లు, ఇండ్లు, ఎందరో మనుష్యులు ఒక్క పూటలో కనుమరుగైరి. మిగిలినవారు దీవి లోపలి ఎత్తునకు తరలి క్రొత్తగా పల్లెలు కట్టుకొనిరి. చెక్కతో, ఇటుకతో కట్టిన బడులను సముద్రము మ్రింగగలిగెను. మాతృభాషలో చదువ నేర్చిన జనము మాత్రము మిగిలెను. ఉమ్మడి కుటుంబము ఆశ్రయమై నిలిచెను. గురువు నాటినది ఏదియో అప్పుడు తెలిసెను.

నేటి ఉపాధ్యాయునకు

ఈ చరిత్రము చదివి నమస్కరించి పుస్తకము మూసివేయుట చాలదు. నేడును మన పల్లెలలో, పట్టణములలో, తండాలలో, గూడెములలో వేలమంది యువతీయువకులు క్రొత్తగా శిశుతరగతుల ఉపాధ్యాయులగుచున్నారు. ఇంట గోండీయో, కోయయో, లంబాడీయో, సవరయో పలుకు బిడ్డలు తెలుగు బడికి వచ్చుచున్నారు. తెలుగు పలుకు బిడ్డలు ఇంగ్లీషు బడికి పోవుచున్నారు. పోర్ట్ బ్లెయిరులో స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలు ఒకే వీథిలో హిందీ, బెంగాలీ, తమిళము విని పెరుగుచున్నారు. ముస్ గ్రామమున 1912లో నిలుచున్న ప్రశ్న ఇంకను నిలిచియే యున్నది.

క్రొత్త ఉపాధ్యాయుడు సంవత్సరారంభమున పెద్ద ప్రతిజ్ఞలు చేయనక్కరలేదు. ఆదర్శ గురువు నయ్యెదనని సంకల్పించుట ఉత్తమమే. కాని దానిని రేపు ఉదయము ఎట్లు ప్రారంభింపవలెనో ఆ సంకల్పము చెప్పదు. ఒక్క చిన్న ప్రశ్నను ఎన్నుకొనవలెను. మౌనముగా కూర్చుండు ఆ నలుగురు పిల్లలు ఏ సమయమున నోరు విప్పుచున్నారు? ఉదయము తల్లిని విడిచి యేడ్చు బిడ్డ దేనితో ఊరడిల్లుచున్నాడు? కథ చెప్పినప్పుడు ఏ మాట దగ్గర బిడ్డల ముఖములు చిన్నబోవుచున్నవి? ఇట్టి ప్రశ్నకు కొలత కలదు, గడువు కలదు, జవాబు బిడ్డలయొద్దనే కలదు.

పిదప సాలమన్ వలె చూచినదానిని ఏనాటి కానాడు వ్రాసికొనవలెను. తోచినది కాదు, చూచినది. నెలకొకసారి వెనుకకు తిరిగి చదువవలెను. ఒక ఉపాయమును చేసి చూడవలెను. చెల్లనిచో సిగ్గుపడక మార్చవలెను. తెలిసినదానిని తోటి ఉపాధ్యాయులతో పంచుకొనవలెను. తలిదండ్రులను, అవ్వతాతలను అడుగుటకు వెనుదీయరాదు. బిడ్డను గూర్చి బడికంటె ఇంటికి ఎక్కువ తెలియును. ఒక ప్రశ్న తీరినచో దాని కడుపున మరియొకటి పుట్టును. దాని వెంట మరల నడువవలెను.

ఇట్లు చేయుటవలన బిడ్డలకే గాక ఉపాధ్యాయునకును మేలు కలదు. తనకు తెలియదని అంగీకరించినవాని అహంకారము కరగును. తెలిసికొనవలెనను ఆర్తి శ్రద్ధగా మారును. బిడ్డయందు దోషము వెదకు దృష్టి పోయి, తన బోధనమునందు దోషము వెదకు దృష్టి వచ్చును. ఇదియే ఆత్మపరిశీలనము. గుహలో కూర్చుండి చేసినను, ఇరువదిమంది పసివారి నడుమ నేలపై కూర్చుండి చేసినను దాని ఫలము ఒక్కటియే. గురువు నేర్చుకొనుచున్నంతకాలము శిష్యునకు విద్య సజీవమైయుండును. సముద్రమధ్యమున ఒక చిన్న దీవిలో దీనిని తన బ్రతుకుతో నిరూపించిన ఆ వృద్ధగురువునకు మనము సమర్పింపగలిగిన నివాళి, మన యింటి ముంగిటి బడిలో ఒక బిడ్డను ఇంకను శ్రద్ధగా చూచుటయే.